నీలాపనింద

గడచిన వినాయక చవితినాడు మా యింట వ్రతకథ చదువు పని నాది. ఏటేటను నాదే. పాలవెల్లి క్రింద మట్టి విగ్రహము, దాని ముందఱ నుండ్రాళ్లు, కుడుములు, ఒక ప్రక్క పసుపుబొట్లు పెట్టిన పిల్లల పుస్తకములు, అన్నియు నమరియున్నవి. అందఱును జేత నక్షతలు పట్టుకొని కూర్చుండిరి. కథ కొంతదూరము చక్కగా సాగినది. విఘ్నేశ్వరుడు భక్తులిచ్చిన కుడుములారగించి భుక్తాయాసముతో గైలాసమునకు వచ్చెను. తల్లిదండ్రులకు మ్రొక్కబోయెను. బొజ్జ నేల కానినపుడు చేతులానలేదు. చేతులానినపుడు కాళ్లు నిలువలేదు. శివుని శిరముననున్న చంద్రుడది చూచి నవ్వెను. అక్కడ నా గొంతు పట్టుకొన్నది.

"ఏమయిందండీ? కళ్ళజోడు తెమ్మంటారా?" అని నా భార్య యడిగెను. అక్కఱలేదంటిని. మఱల నారంభించి యెట్లో పూర్తిచేసి, పిల్లల తలలపై నక్షతలు వేసితిని. నా తలపై వేసికొనుటకు మాత్రము చేయి వెంటనే లేవలేదు. ఆ సంకోచమునకు గల కారణమును జెప్పుకొనుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

నేను నలుబదియైదేండ్ల యుపాధ్యాయుడను. బాల్యమున సంస్కృతమును, పిమ్మట నాంగ్లమును జదివితిని. ఇరువది సంవత్సరములుగా గోదావరి తీరమందలి యొక చిన్న పట్టణములో బాఠములు చెప్పుచున్నాను. నన్ను నేను సంస్కార ప్రియునిగా నెంచుకొనుచుందును. తరగతిలో నే బాలుని కులమును నేనడుగలేదు. నల్లని పిల్లను నల్లదనియు, కుంటివానిని గుంటివాడనియు బిలిచినవారిని మందలింపక విడువలేదు. ఇట్టి నేను లావుగానున్న యొక బాలుని విషయమున జేసిన పని యా దినమున నాకు దప్పుగా దోపనైన దోపలేదు. అందుచేతనే దానిని జెప్పుట యవసరమని తలంచుచున్నాను. తప్పని తెలిసి చేసినది యొకని తప్పు. తప్పని తోపకయే చేసినదానిలో సంఘమున కంతటికిని భాగముండును.

కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాల వార్షికోత్సవమునకు శశిరేఖా పరిణయ నాటక మాడింప నిశ్చయించితిమి. 1957లో వచ్చిన "మాయాబజార్" చలనచిత్రము పుణ్యమా యని యా కథను దెలియని తెలుగిల్లు లేదు. ఎనిమిదవ తరగతిలో నొక బాలుడుండెను. వానిది పద్యము చదువ బుట్టిన గొంతుక. తాతగారి యొద్ద "పాండవోద్యోగ విజయముల"లోని రాయబారపు పద్యములు నేర్చుకొని, రాగము తప్పక, పదము విఱువక చదివెడివాడు. పాత్రలు పంచిపెట్టునాడు వాడు నా బల్లయొద్దకు వచ్చి, "మేష్టారూ, నేను కృష్ణుడు వేస్తానండీ" అనెను. నేను వానిని గ్రిందినుండి మీదికి జూచి నవ్వితిని. "నీకు భగవంతుడే వేషం వేసి పంపాడు కదరా! ఘటోత్కచుడు నువ్వు కాకపోతే ఇంకెవరు?" అంటిని. తరగతి యంతయు నవ్వినది. వాడును నవ్వెను. కృష్ణుని వేషమును నాజూకుగానున్న మఱియొక బాలునకిచ్చితిని. వానికి రాగము లేదు, తాళము లేదు. పద్యము లన్నింటిని వచనముగా మార్చవలసివచ్చినది.

ఘటోత్కచుని పాత్రము నీచమైనది కాదు. ఎస్.వి. రంగారావు గారు భారీ విగ్రహముతో నా పాత్రకు దెచ్చిన గాంభీర్యమును దలచుకొన్న నిప్పటికిని నొడలు గగుర్పొడుచును. నేను చేసినది యది కాదు. ప్రేక్షకులు నవ్వవలెనని యా బాలుని పొట్టపై మఱియొక దిండు కట్టించితిని. చేతికి లడ్డూల బుట్ట నిచ్చితిని. వాడు కూర్చుండగనే బల్ల విఱిగిపడునట్లొక ఘట్టమును నేనే కల్పించి, నేనే వ్రాసితిని. ఆ రాత్రి బల్ల విఱిగినపుడు లేచిన నవ్వు చాలసేపటికి గాని యాగలేదు. ముందు వరుసలోని పెద్దలు నా చేయి పట్టుకొని యభినందించిరి. తెరవెనుకకు బోయి చూడగా బాలుడు దిండు విప్పుకొనుచు గోడవైపు మొగము త్రిప్పి నిలుచుండెను. అలసట యనుకొంటిని.

మఱునాటినుండి హాజరుపట్టీలో దప్ప వానిని బేరుపెట్టి పిలిచినవారు లేరు. వాడు "బెంచీ భీము"డయ్యెను. ఆ ఘట్టము నెవరో సెల్‌ఫోనులో జిత్రించి పంపగా నది వారము దినములలో నూరంతయు దిరిగినది. కూరల కొట్టువాడు సయితము వాని తల్లితో "మీవాడి నాటకం చూశామమ్మా" అనెనట. రెండు నెలలు గడచిన పిమ్మట నొక యుదయమున బ్రార్థన జరుగుచుండగా వాడు సొమ్మసిల్లి పడిపోయెను. కబురంపగా దల్లి వచ్చెను.

"మేష్టారూ, మీరు చెబితే వింటాడండీ," అని యామె మెల్లగా ననెను. "మధ్యాహ్నం బళ్ళో తినడం మానేశాడు. రాత్రి కూడా ఒక్క మజ్జిగ గ్లాసేనండీ. వాళ్ళ నాన్నదీ ఈ ఒళ్ళే, తాతదీ ఈ ఒళ్ళే. వీడి తమ్ముడు వీడికి రెట్టింపు తింటాడు, పుల్లలా ఉంటాడు. ఇది తిండివల్ల వచ్చింది కాదండీ."

ఆమె నన్ను నిందింపలేదు. నిందించియున్న బాగుండెడిదని యా రాత్రి యనుకొంటిని.

ఆ మాటలు విన్న పిమ్మట, ఎన్నడో చదివి మూలబెట్టిన చరకసంహితను దీసి చూచితిని. సూత్రస్థానమున నిరువదియొకటవ యధ్యాయమునకు "అష్టౌనిందితీయ"మని పేరు. లోకమున నిందకు గుఱియగు శరీరములెనిమిదింటిని ఆచార్యుడందు లెక్కించెను: మిక్కిలి పొడుగు, మిక్కిలి పొట్టి, మిక్కిలి రోమములు గలది, రోమములే లేనిది, మిక్కిలి నలుపు, మిక్కిలి తెలుపు, మిక్కిలి లావు, మిక్కిలి బక్క. వీనిలో లావును, బక్కతనమును ప్రత్యేకముగా దీసికొని చికిత్స చెప్పెను. స్థూలత్వమునకు గారణములను జెప్పుచు అతిభోజనము, తీపి పదార్థములు, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర మున్నగువానితోబాటు బీజస్వభావమును గూడ జేర్చెను. తల్లిదండ్రుల బీజమునుండియే కొన్ని దేహములకు స్థౌల్యము సంక్రమించునని దాని భావము. శాస్త్రమును జదివిన నాకు దిండియు నిద్రయు మాత్రమే జ్ఞాపకమున్నవి. శాస్త్రమెఱుగని యా తల్లి తన యింటివారి దేహములను జూచి బీజస్వభావమును దెలిసికొన్నది.

నవీన శాస్త్రమును నీ విషయమున నామె పక్షముననే యున్నది. డెన్మార్కులో దత్తు పోయిన పిల్లలనుగుఱించి జరిపిన పరిశోధన 1986లో వెలువడినది. వారు పెద్దవారైన పిమ్మట వారి దేహములు పెంచిన తల్లిదండ్రులను గాక కన్న తల్లిదండ్రులనే పోలియుండెనని తేలినది. 1994లో అమెరికాయందు జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అను శాస్త్రజ్ఞుని బృందము లెప్టిన్ అను పదార్థమునకు మూలమైన జన్యువును గనిపెట్టినది. ఒడలిలోని క్రొవ్వే యీ పదార్థమును బుట్టించి మెదడునకు "చాలు" నని వార్త పంపుచుండును. ఆకలి కేవలము నాలుకకు సంబంధించిన చాపల్యము కాదని యప్పుడు స్పష్టమైనది. ఒకే పంక్తిలో గూర్చుండి యొకే యన్నము తిన్న యన్నదమ్ములలో నొకడు లావును, నొకడు బక్కయు నగుటలో వింతలేదు.

ఇక నాంగ్ల సాహిత్యము నుండి యొక యుదాహరణము. డికెన్సు 1836–37 సంవత్సరములలో బ్రకటించిన "పిక్విక్ పేపర్స్" అను నవలలో జో యను లావుపాటి సేవక బాలుడుండును. తినుట, నిలుచున్నచోటనే నిద్రపోవుట వాని పని. కళాశాలలో దానిని జదువుచు మేమందఱము పొట్టలు పట్టుకొని నవ్వితిమి. అయితే 1956లో అమెరికా వైద్యులు కొందఱొక రోగమును వర్ణించి దానికి "పిక్విక్ లక్షణ సముదాయ"మని యా నవల పేరే పెట్టిరి. మిక్కిలి లావుగానున్న కొందఱికి శ్వాస చక్కగా నాడక, రక్తమున బ్రాణవాయువు తగ్గి, పగలు నిద్ర ముంచుకొనివచ్చును. సోమరితనమని నూఱేండ్లకు బైగా లోకము నవ్విన లక్షణమునందు వైద్యులు వ్యాధిని జూచిరి. నవ్వు ముందుగా వచ్చినచోట జాలి యాలస్యముగా వచ్చును; వైద్యము మఱియు నాలస్యముగా వచ్చును.

ఈ నిందయైన నెల్లకాలము నొకటిగా నున్నదా యన్న నదియును లేదు. మా నాయనమ్మ కాలమున పుట్టింటికి వచ్చిన యాడుపడుచును జూచి "ఒళ్ళు చేశావే తల్లీ" యనుట సంతోషవాక్యము. "చిక్కిపోయావేమే" యనుట కన్నీటితో గూడిన మాట. కఱవును జూచిన తరమునకు బుష్టియే భాగ్యము. నేడు తిండి కొంత సులభమైనది, శరీరశ్రమ తగ్గినది. పుష్టి దోషమైనది, కృశత్వము శీలమైనది. చరకుడు లావును, బక్కను నొకే పట్టికలో నుంచెను. మన పత్రికలు బక్కదనమును బట్టికనుండి తొలగించి పీఠమెక్కించినవి.

పత్రికల మాట వచ్చినది గనుక చెప్పెదను. స్థూలకాయమును గుఱించి వ్యాసము వచ్చినపుడు దాని ప్రక్క నొక బొమ్మ యుండును. ఆ బొమ్మలో దఱచుగా మెడ మొదలు తొడల వఱకే యుండును, తల యుండదు. కొలతనాడా చుట్టిన పొట్ట, చొక్కా బొత్తాముల నడుమ నుబికిన మాంసము, చేత నొక తినుబండారము. తల తీసివేసిన నా మనుష్యుని మానము కాపాడితిమని సంపాదకులనుకొందురు కాబోలు. తల లేనివాడు మనుష్యుడు గాడు, మాంసము. అమెరికాలో అంతర్జాల వార్తాపత్రికలందలి బొమ్మలను బరిశీలించి 2011లో బ్రకటించిన యొక పరిశోధనయందు, లావుగానున్నవారి చిత్రములలో నూటికి డెబ్బదికి మించినవి వారిని గించపఱచునట్లే యున్నవని తేలినది. మన పత్రికలను దిరుగవేసినచో మనమంతకంటె మేలని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు. అదే పుటలో నొక మూల "ముప్పది దినములలో సన్నబడుడు" అను ప్రకటనయు, నెడమవైపు దుఃఖముఖమును, కుడివైపు నవ్వుముఖమును గల జంట చిత్రములును గానవచ్చును. భయమును బై పుటలో నమ్మి, మందును గ్రింది పుటలో నమ్ముట లాభసాటి వ్యాపారము.

చలనచిత్రముల సంగతియు నట్టిదే. పూర్వము రేలంగి గారు లావు, రమణారెడ్డి గారు బక్క. ఇరువురును జనులను గడుపుబ్బ నవ్వించిరి. వారి మాట విఱుపునకు, కనుసన్నకు, కాలగతి తెలిసిన హాస్యమునకు జనులు నవ్విరి. తరువాతి చిత్రములు పెక్కింట లావుగానున్న వ్యక్తి తెరపైకి వచ్చుటయే హాస్యమైనది, మాటలాడనక్కఱలేదు. సావిత్రి గారి నటనను గంట సేపు పొగడిన పెద్దలు గూడ తుదకు "తర్వాత లావైపోయింది పాపం" అని ముగించుట నేనెన్నిమార్లో వింటిని. 2015లో వచ్చిన "సైజ్ జీరో" చిత్రమునందు అనుష్క గారు పాత్రకొఱకు నిజముగనే యొడలు పెంచుకొనిరి. త్వరగా సన్నబడజేసెదమను చికిత్సాలయముల మోసమును జూపిన చిత్రమది. నా చెవిని బడిన ముచ్చటలలో మాత్రము చిత్రము చెప్పిన సంగతికంటె ఆమె మఱల నెప్పుడు సన్నబడునను ప్రశ్నయే యెక్కువగా నుండెను.

ఆడువారి విషయమున నీ నింద రెండింతలు. వధువు కావలెనను ప్రకటనలు చూడుడు. కులపట్టింపు లేదని సగర్వముగా వ్రాసికొను సంస్కారులును "సన్నని" యను విశేషణమును విడువరు. పెండ్లిచూపులలో బిల్ల చదువు, పాట, బుద్ధి యన్నియు నడిగి, వీధి గుమ్మము దాటిన పిమ్మట "కొంచెం ఒళ్ళు తగ్గితే చూద్దాం" అనుట నేనెఱుగుదును. వరకట్నమడుగుట నేరమని చట్టము 1961లోనే చెప్పినది. ఒడలి తూనికనడుగుట యవమానమని మనకు మనమే చెప్పుకొనవలసియున్నది.

"అయితే మేష్టారూ, స్థూలకాయము మంచిదే యందురా? మధుమేహము, రక్తపుపోటు దానివలన వచ్చుట లేదా?" యని చదువరులడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మన దేశమున బది కోట్లకు మించిన జనులకు మధుమేహమున్నదని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి యధ్యయనము చెప్పుచున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము దేశములో రమారమి నలుగురు పెద్దలలో నొకరు మితిమీఱిన బరువు గలవారు. వీనిని దాచవలెనని నేననుట లేదు. మితముగా దినవలెను, నడువవలెను, నూనెయు జక్కెరయు దగ్గింపవలెను. నా వాదమిది: రోగము వేఱు, నింద వేఱు. జ్వరముతో వణకుచున్నవానిని జూచి మనము నవ్వము.

మఱియు, కన్ను మంచి వైద్యుడు కాదు. మనము బరువును గొలుచు సూత్రమును 1830 ప్రాంతమున బెల్జియము దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడగు కెట్‌లే జనసమూహముల సగటులు కట్టుటకు గల్పించెను. ఒక్కొక్క మనుష్యుని మంచిచెడ్డలను దేల్చుటకు గాదు. 2004లో "లాన్సెట్" అను వైద్యపత్రికయం దిద్దఱు వైద్యులు, పూనావాసియగు యాజ్ఞిక్ గారును, లండను వాసియగు యడ్కిన్ గారును, తమ చిత్రమునే ప్రకటించుకొనిరి. ఇరువురకు నా సూత్రము ప్రకారము వచ్చిన యంక మొక్కటియే, 22.3. కాని యొడలి క్రొవ్వును గొలువగా దెల్లదొరకు నూటికి 9.1, మన దేశీయునకు 21.2 వచ్చినది. చూచుటకు బక్కగానున్న మనవారి కడుపులలోనే ముప్పు దాగియుండవచ్చునన్నమాట. లావుగానున్న బాలుని జూచి నవ్విన మా యుపాధ్యాయులలో ముగ్గురు మధుమేహమునకు మాత్రలు మ్రింగుచున్నారు. ముగ్గురును సన్ననివారే.

నింద వలన లావు తగ్గునను నమ్మకమును నిలువదు. 2020లో నానాదేశ వైద్యులు గూడి యొక యుమ్మడి ప్రకటన వెలువరించిరి. అవమానింపబడినవాడు వ్యాయామమునకు బోవుటకు వెఱచును, వైద్యుని యొద్దకు బోవుటకు సిగ్గుపడును, దిగులుతో నెక్కువగా దినుటయు గలదని యందు జెప్పిరి. మా బాలుని సంగతి చూడుడు. నాటకమునకు ముందు వాడు సాయంకాలము కబడ్డీ యాడెడివాడు. నాటకము తరువాత మైదానమునకు రాలేదు. మేము నవ్వి వాని యాటను మాన్పించి, పిమ్మట ఆటలాడడని వానినే తప్పుపట్టితిమి.

మఱుసటి యేడు వాడు తొమ్మిదవ తరగతిలో నుండగా మఱల వార్షికోత్సవము వచ్చినది. వానిని బిలిచి, "ఒరే నాయనా, ఈసారి రాయబారం వేద్దాం. కృష్ణుడు నువ్వేరా" అంటిని. వాడు తల వంచుకొని నిలుచుండెను. "వద్దండీ. నాకిప్పుడు పద్యాలు రావండీ" అనెను. వానికి బద్యములు రాకపోలేదు. ఒకనాడు తాతగారింటి మీదుగా బోవుచు, లోపలినుండి యా గొంతుకను నేనే వింటిని. తలుపు వేసికొని చదువుచుండెను. నేను నిలుచుండి విని, తలుపు తట్టక వచ్చితిని. వాడు పదవ తరగతి ముగించి వేఱొక యూరు వెడలిపోయెను. నేను క్షమాపణము చెప్పనేలేదు. పెద్దవాడను, గురువును, చిన్నవానినెట్లు క్షమింపుమందునని యాగితిని. అదియొక రెండవ తప్పు.

కావున గృహస్థులకును, సోదరీమణులకును, నాతోటి యుపాధ్యాయులకును నాకు దోచిన కొన్ని మాటలు విన్నవించుకొనుచున్నాను. పలుకరించునపుడు మొదటి మాటగా నెదుటివారి యొడలిని దీయకుడు. "లావయ్యారే" యనునదియు, "సన్నబడ్డారే" యనునదియు గూడ మానుడు. పంక్తిలో నొకరి విస్తరివంక జూచి లెక్కపెట్టకుడు. పిల్లలందఱకు నొకే యాహారనియమము, ఒకే యాట యుంచుడు. లావుగానున్నవానికి వేఱు నియమము పెట్టుట శిక్ష యగును. నాటకమునందు గొంతుకను బట్టి కృష్ణుని నియమింపుడు. పత్రికాధిపతులారా, బొమ్మ వేయదలచినచో దలతో గూడ వేయుడు. ఆ కన్నులు మిమ్ము జూచుచుండగా వ్రాయుడు.

వ్రతకథ నిప్పుడు నేను పూర్వమువలె జదువజాలను. చంద్రుడు నవ్వినది యొక లావుపాటి బాలుని జూచి. ఆ బాలుడు చేయబోయినది తల్లిదండ్రులకు నమస్కారము. చంద్రుడు నమస్కారమును జూడలేదు, బొజ్జను జూచెను. దానికి బార్వతీదేవి శపించినపుడు లోకమునకు వచ్చినది నీలాపనింద, అనగా జేయని నేరమునకు మోయు నింద. లావుగానున్నవారిపై మనము వేయు తిండిపోతనము, సోమరితనము, మనోనిగ్రహము లేకుండుట యను నిందలు తఱచుగా నట్టివే. మణిని దొంగిలించితివన్న నింద కృష్ణుడంతవానికే తప్పలేదు. ఆయన యడవులు గాలించి, జాంబవంతునితో బోరాడి మణిని దెచ్చి చూపి నింద బాపుకొనెను. పదుమూడేండ్ల బాలుడు దేనిని దెచ్చి చూపగలడు?

కథ విని యక్షతలు తలపై వేసికొన్నవారికి నీలాపనింద రాదని పెద్దలు చెప్పుదురు. నింద వేసినవారికి గూడ నా యక్షతలు పనిచేయునో లేదో పుస్తకములో వ్రాసియుండలేదు. ఆ దినమున నక్షతలను విగ్రహము పాదములయొద్దనే యుంచి లేచితిని. మఱునాడు వాని యూరి చిరునామా కనుగొని యుత్తరము వ్రాసితిని. అందులో ఘటోత్కచుని వేషము వాని తప్పు కాదనియు, బల్లను ముందుగా గోసియుంచినవాడను నేనేననియు వ్రాసితిని. ఇంతవఱకు బ్రత్యుత్తరము రాలేదు. రావలెనని యడుగుటకు నాకు హక్కు లేదు.